బియ్యప్పిండి గుడి

రంగూన్, 6 ఆగస్టు 1924

శూషాన్ దొరసాని అన్నం ముట్టడం లేదు. ఆర్మీనియా ముసలామె, నేను ఆమె ఆయాని. తినకపోతే నాకే చిరాకు. మా ఆయన దండాసి రేవులో పండ్లమ్మే కాబూలీవాణ్ణి బతిమాలి దూదిలో పెట్టిన ద్రాక్ష తెచ్చాడు. ప్లేటు తోసేసింది. నాకు కోపమొచ్చి రోజంతా ఆమెతో మాట్లాడలేదు.

7 ఆగస్టు

దొరసాని తనే చెప్పింది. చర్చిలో దీవించందే కొత్త ద్రాక్ష తినకూడదట. ఓస్, అంతేనా! అమ్మవారికి పెట్టందే కొత్త మామిడికాయ మా అవ్వా ముట్టనిచ్చేది కాదు.

9 ఆగస్టు, మధ్యాహ్నం

ఒకటే వాన. ద్రాక్ష సంగతి అంతే కాదట. ఇక్కడి చర్చిలో దీవించినా తినదు, వాళ్ల ఊరి చర్చిలో అయితేనే. అది భూకంపాలకి కూలితే, ఊరి ఆడవాళ్లు ఏట్లోంచి నల్లరాళ్లు ఒళ్లో పెట్టుకుని మోసి మళ్లీ కట్టించారు. దొరసాని ముత్తవ్వ మోసిన రాయి తూర్పు గోడలో ఉండేది, పిల్లలంతా ముద్దు పెట్టుకునేవారు. యుద్ధంలో సైనికులు అందులో గుర్రాలు కట్టేశారు, పోతూ పోతూ తగలబెట్టారు. ఆ ఏడు ద్రాక్ష తీగలమీదే ఎండిపోయింది.

పోయేలోపు ఒక్క పండు తినాలనుందంది. నవ్వుతూనే అంది. నాకు ఏడుపొచ్చింది.

14 ఆగస్టు

డాక్టర్ తల అడ్డంగా ఊపి వెళ్లాడు.

16 ఆగస్టు

నాకు బొమ్మలు రావు, ముగ్గు వచ్చు. మంచం పక్కన నేలంతా కడిగి, ఆమె చెబుతుంటే ఆ చర్చి వేశాను. అలవాటుకొద్దీ గుమ్మం తూర్పుకి పెట్టేశాను. ఆమె మంచమ్మీంచే కేకలేసింది. గుమ్మం పడమటికట, తూర్పున దేవుడట. తుడిచి మళ్లీ వేశాను. సున్నంతో వేయొచ్చుగా, పిండి నిలవదుగా అంది. చీమలు తినాలనే పిండితో వేస్తామన్నాను. ముగ్గంతా వెతికి, ముత్తవ్వ రాయి మర్చిపోయావంది. పెట్టాను.

ఏటే, కిరస్తానీ గుడికి ముగ్గేత్తన్నావు, అమ్మోరు ఊరుకుంటాదేటి అన్నాడు దండాసి. అమ్మోరూ మనలాగే స్టీమరెక్కి వచ్చిందే కదా అన్నాను.

17 ఆగస్టు, ఆదివారం

ఇక్కడి వాళ్ల చర్చి ఫాదర్‌ని పిలిపించాం. గది గుమ్మంలోంచి ముగ్గు చూశాడు. తర్వాత బూట్లు విప్పి, గీత చెరక్కుండా పడమటి వాకిట్లోంచి లోపలికి నడిచాడు. దూదిలో దాచిన ద్రాక్ష తూర్పున పెట్టి దీవించాడు. దొరసాని మొదటి పండు నా నోట్లో పెట్టింది. రెండోది తను తిని, పులుపు, మా ఊరివే నయం అంది. ఇంకోటి అడిగింది.

20 ఆగస్టు

దొరసానిని నిన్న మట్టి చేశారు. గది ఖాళీ చేయాలట.

చీమలొచ్చాయి. తూర్పు గోడ దగ్గర మొదలుపెట్టాయి. చీపురు దాచేశాను.