గోచీ పోసి కట్టిన చీర

జులై 2, ఆదివారం
హమ్మయ్య, కుట్టడం అయింది. స్టోరులో లహంగా ముక్కలే అమ్ముతారు. రెండు నీలి ముక్కలు తెచ్చి కలిపి కుట్టాను. ఏడు గజాలు. అమ్మ కట్టేది ఎనిమిది... సర్దుకోవాలి.
ఊరి నుంచి తెచ్చుకున్న చీర ఓడలోనే చిరిగింది. చెరకు కూలికి ఫిజీలో దిగి నాలుగేళ్ళు, నాలుగేళ్ళూ లహంగాయే. తొట్టి నీళ్ళలో చూసుకుంటే ఎవరో ఉత్తరాది మనిషి. ఇక చాలు. మా అమ్మలా గోచీ పోసి కడతాను.

జులై 3
సిగ్గుచేటు! చేతులు మరిచిపోయాయి. నాలుగడుగులకే గోచీ ఊడి కాళ్ళకు చుట్టుకుంది. మా ఆయన సూరయ్య గబగబా తలుపు మూశాడు. "ఎవులైనా సూస్తే..."

జులై 5
మూడోసారికి నిలిచింది. అద్దం లేదు. అక్కర్లేదు.

జులై 6
చెరకు నరకడానికి అలాగే వెళ్ళాను. పక్క గది రామ్‌దులారి, నోరు పెద్దది, "అరే, మద్రాసీ మర్ద్ బన్ గయీ!" అని అరిచింది. మగాడినయిపోయానట. వాళ్ళ వైపు కాళ్ళ మధ్య నుంచి గుడ్డ దోపేది మగవాళ్ళేనట. సాలు సాలంతా నవ్వు.
మా పని చూసే సర్దారు నవ్వలేదు. రేపు కూడా ఇలాగే వస్తే తెల్లదొరకు చెబుతానన్నాడు.
ఇంటికొచ్చాక సూరయ్య... "తీసీయే. నలుగుర్లో నవ్వులపాలైపోతన్నాం."
అన్నం సహించలేదు. దొర వద్దంటే చీర పోయినట్టే. మళ్ళీ ఆ తొట్టిలో మనిషినే. భయంగా ఉంది. అయినా రేపూ ఇదే.

జులై 7
దొర గుర్రం మీద వచ్చాడు. సర్దారు నన్ను వేలెత్తి చూపించాడు. దొర చీర వంక చూశాడు, నేను నరికిన సాలు వంక చూశాడు. ఇవాళ్టికి కొలిచిచ్చిన టాస్కు అప్పటికే అయిపోయింది. లహంగా అయితే మోళ్ళకు తగులుకుని పొద్దువాలేది.
"కామ్ హోయ్ గయా? తబ్ ఠీక్."
పని అయిందిగా, అయితే సరే. అంతే! గుర్రం తిప్పుకున్నాడు.
కత్తి పట్టుకుని అక్కడే ఏడ్చేశాను, నవ్వుతూనే. సర్దారు మొహం ఆముదం తాగినట్టుంది. ఎంత హాయి! రెండు ముద్దలు ఎక్కువే తిన్నాను.

జులై 8
రామ్‌దులారి చాటుగా వచ్చింది. "హమ్‌కో భీ సిఖాయ్ దేవ్." నేర్పమని. ముందు మగాడన్న మాట వెనక్కి తీసుకోమన్నాను. తీసుకుంది. నేర్పాను.

జులై 9, ఆదివారం
ఇవాళ తోట పని లేదు. పని కోసం కట్టానని చెప్పుకోవడానికి వీల్లేదు.
వునిమోలి ఊళ్ళో పూజ. కూలీల గదుల లైన్లలో వాళ్ళంతా బయలుదేరారు. నేను చీరలోనే బయటికొచ్చాను. నాకు ఇదే బాగుంది, అందుకని.
సూరయ్య ఒకసారి చూశాడు. ముందు నడిచాడు... చాలా ముందు.
మలుపు దగ్గర ఆగాడు. నా కోసమో, చుట్ట వెలిగించుకోవడానికో. రాత్రయినా అడగలేదు. నేను మాత్రం అడుగు తొందర చేయలేదు.