తెల్లబడిన ప్లగ్

వెస్లీ, పదింటికి నీ ఫోన్ మోగింది. ఇంట్లోనే మరిచిపోయి వెళ్లావు కదా, నేనే ఎత్తాను. జహీరాబాద్ వర్క్‌షాప్ ఉద్యోగం నీకే వచ్చింది! సాయంత్రం నాలుగింటిలోగా వెళ్లి సంతకం చెయ్యాలట. వంటింట్లో ఒక్కదాన్నే గంతులేశాను.

కానీ బండి మీద వెళ్లకు. పన్నెండున్నరకు బస్సెక్కు. కాగితాలు టేబుల్ మీద పెట్టాను.

మామయ్య నిన్న "బండి స్పార్క్ ప్లగ్ చూసిన బిడ్డా, మస్తు మెరుస్తుంది, ఫికర్ చెయ్యకు" అన్నారు. మెరవదా మరి! చూసే ముందే ఉప్పుకాగితంతో రుద్దేశారు, లోపలి సంగతి చెప్పే రంగంతా పోయింది. అందుకే ఇవాళ పొద్దున నేనే నువ్వు నేర్పినట్టు ఫలక్‌నుమా వంతెన మీదికి ఫుల్ రేస్‌లో ఎక్కించి, పైన ఇంజన్ ఆపేసి ప్లగ్ విప్పాను. బిస్కెట్ రంగులో ఉండాల్సింది సున్నంలా తెల్లగా ఉంది. కొసన సన్నటి వెండి చుక్కలు కూడా ఉన్నాయి. అవి కరుగుతున్న పిస్టన్‌వి. పెట్రోలు చాలక ఇంజన్ లోపల మాడిపోతోంది. హైవే మీద ఇంజన్ పట్టేసి సీజైతే చక్రం బిగుసుకుపోతుంది, వెనక లారీ ఉంటుంది. బండిని ఇంటిదాకా నెట్టుకొచ్చాను.

మొన్న బండిలో ఏదో తేడా ఉందని చెప్తే "పెండ్లయి ఇరవై రోజులు కాలే, అప్పుడే మెకానిక్‌వి అయినవా?" అని నవ్వావు. ఇప్పుడు నవ్వకు.

ఆ ప్లగ్ నా సంచిలో వేసుకుని పరీక్ష డ్యూటీకి వెళ్తున్నాను. కొత్తది బిగించుకుని నువ్వు బయల్దేరగలవు, తెలుసు. నా మీద ఒట్టు, వద్దు.

కెజియా

రేపు చర్చి నుంచి రాగానే ఇద్దరం కార్బ్యురేటర్ విప్పుదాం. స్పానర్ నేను పడతాను, చాయ్ నువ్వు పెట్టు.