పాత పడుగు కొస

బెంగళూరు,
ఆదివారం

అమ్మకు, నీ పెద్ద కూతురు పార్వతి దండం పెట్టి రాస్తున్నది. నేను కులాసా. నీ కళ్ల నీరు కారడం తగ్గిందా? నాయన మోకాలు, అవ్వ దగ్గు ఎట్లున్నాయో చెల్లెలి చేత రాయించు. ఇదీ దాని చేతే చదివించుకో. మధ్యలో ఎగరగొట్టకుండా చూడు.

ఇక్కడ ఒకటే వాన. హాస్టల్ సాంబారులో బెల్లం వేస్తారు. నువ్విచ్చిన చెనక్కాయల పొడితోనే నాలుగు ముద్దలు దిగుతున్నాయి, అదీ అడుగంటింది. మన ధర్మవరంలో విసుక్కున్న మగ్గం చప్పుడు ఇక్కడ లేక నిద్ర పట్టడం లేదు. ఏడవడం లేదులే.

పాత మగ్గానికి బేరం వచ్చిందని చెల్లెలు రాసింది. అప్పటి నుంచి మనసు మనసులో లేదు. అమ్మేయమని పోరింది నేనే కదా.

"ఆడ ఏం పని చేస్తాండావే?" అని నువ్వు అడిగితే పోయినసారి కసురుకున్నాను. ఇప్పుడు చెప్తాను. కంప్యూటర్లు నడిపే లినక్స్‌ను మా కంపెనీ సీడీల్లో సర్ది ఇస్తుంది. అందులో లైబ్రరీలని ఉంటాయి. బయటివాళ్లు రాసిన సాఫ్ట్‌వేర్లు వాటిని ఆనుకొని నడుస్తాయి. కొత్త లైబ్రరీ వచ్చిందని పాతదాన్ని నేను తీసేశాను. ఇంకా ఎవరు వాడుతున్నారులే అనుకున్నాను. ఎవరినీ అడగలేదు.

పోయిన నెల మడకశిర నుంచి ఒక పెద్దాయన బస్సెక్కి ఆఫీసుకే వచ్చాడు. పెళ్లిపత్రికలు వేసే చిన్న ప్రెస్సు ఆయనది. మా కొత్త సీడీ ఎక్కించాక, అక్షరాలు కూర్చే ఆయన సాఫ్ట్‌వేర్ తెరుచుకోవడమే మానేసింది. పెళ్లిళ్లు ముంచుకొస్తున్నాయి. ఇంకో సాఫ్ట్‌వేర్ కొనుక్కోమన్నాను.

"యాడ కొనేదమ్మా? అది రాసిచ్చినాయప్ప అంగడి మూసేసి పోయినాడు. మీది కొత్తదైంది, సరే. నాది పాతదే గదా ఉండాది," అన్నాడు. కోపం లేకుండా అన్నాడు. అందుకే ఎక్కువ గుచ్చుకుంది.

అప్పుడు నువ్వు గుర్తొచ్చావు. పాత మగ్గంలో నేత అయిపోయినా పడుగు నిలువు పోగుల కొస తెంచకుండా, అవి దూరే అచ్చులోనే మూరెడు ఉంచావు. తెంచి పారేయమన్నాను. పాత పోగుకు కొత్త పోగు ఒక్కొక్కటే మెలిపెట్టి అతికితేనే కొత్త పడుగు అచ్చులోకి వస్తుందని, తెంచితే వేల పోగులు మళ్లీ మొదటి నుంచి ఎక్కించాలని నీ పక్కన కూర్చొని చూసినదాన్నే నేను. నాలుగు ముక్కలు చదివానన్న పొగరు, అంతే. నన్ను క్షమించు అమ్మా.

తప్పు నాదేనని మేనేజరుకు చెప్పాను. తిట్టి, బాగుచేసే పని నాకే ఇచ్చాడు. కొత్తదాన్ని కదపకుండా పాతదాన్ని దాని పక్కనే వేరే పేరుతో పెట్టాను. పెద్దాయన అక్షరాల సాఫ్ట్‌వేర్ మళ్లీ తెరుచుకుంది. ఇప్పుడు పాత లైబ్రరీలను కనిపెట్టుకొని ఉండటమే నా ఉద్యోగం. ఇక్కడ ఎవరికీ నచ్చని పని. నాకు నచ్చింది.

ఆయన వేసిన పత్రిక ఒకటి ఇందులో పెట్టాను. ఆ పెళ్లివాళ్లు మనకేమీ కారు, అయినా దేవుడి గూట్లో పెట్టు. అవ్వకు, నాయనకు నా దండాలు. నీ దీవెన ఎప్పుడూ ఉండాల.

వచ్చే అమావాస్యకు సెలవు పెట్టాను. బేరం వద్దని నాయనకు చెప్పు. కొత్త పడుగు తెప్పించు. నీ కళ్లకు ఆనకపోతే పోగు నేను అందిస్తాను, మెలి నువ్వు పెట్టు. అంతదాకా ఆ కొస మీద ఎవరినీ కత్తెర పెట్టనీయకు.

నీ బిడ్డ,
పార్వతి