నేలపలక కింద బోల్టులు

మార్చి 3
ఇంకో పది రోజుల్లో డ్రాప్ టెస్ట్. రెండు సీట్ల విమానం బాడీని క్రేన్‌తో పైకి లాగి వదిలేస్తాం. లోపల మనుషులకు బదులు డమ్మీలు. నా కంప్యూటర్ మోడల్ ప్రకారం సీట్లు ఊడవు, నడుములు విరగవు. టెస్ట్ కూడా అదే చెబితే కొత్త రూల్స్ ప్రకారం సేఫ్టీ సర్టిఫికెట్ వచ్చేస్తుంది. తమ్ముడు రోజూ ఈ రకం విమానంలోనే పైలట్ పాఠాలు చెబుతాడు. అక్కకి కూల్చడం తప్ప ఏమీ రాదట. వెధవ.

మార్చి 9, మధ్యాహ్నం
సీట్ల కింద నేలపలకను పట్టి ఉంచే, కొట్టి బిగించే రివెట్లు ఎప్పటికీ తెగవని మోడల్‌లో పెట్టింది నేనే. మూడు నెలల క్రితం, కంప్యూటర్ లెక్క మధ్యలో ఆగిపోతోందని. తర్వాత తీసెయ్యడం మరిచాను. ఇప్పుడు తెగేలా పెట్టి నడిపితే ఎడమ సీటు ఊడింది.
ఎవరికీ చెప్పలేదు. టెస్టే తేలుస్తుందిలే అనుకున్నాను. పిరికిదాన్ని.

మార్చి 13
సీటు ఊడలేదు! నా తప్పుడు మోడలూ టెస్టూ అచ్చు గుద్దినట్టు కలిశాయి. అందరూ చప్పట్లు. బాస్ రిపోర్ట్ మొదలుపెట్టమన్నాడు.

మార్చి 14
ఉండబట్టలేక వెళ్ళి పలక కింద టార్చి వేసి చూశాను. రివెట్లు లేవు. బోల్టులున్నాయి.
మెకానిక్‌ని అడిగాను. సెన్సర్ల వైర్ల కోసం పలక పదిసార్లు తీయాల్సి వచ్చిందట, ప్రతిసారీ రివెట్లు ఎవరు కొడతారని బోల్టులు బిగించేశాడట. ఇంకా గట్టిగానే ఉన్నాయి కదా మేడమ్ అన్నాడు. పాపం, మేలు చేశాననే అనుకుంటున్నాడు. పని జరిగితే చాలనుకుని, ఒకరికి తెలియకుండా ఒకరం ఒకే అబద్ధం చెప్పాం.

మార్చి 15
బాస్‌కి రెండూ చెప్పాను. నా తప్పు ముందు. రిపోర్ట్ వెళ్ళకముందే చెప్పావు, సంతోషం అన్నాడు. ముఖంలో మాత్రం సంతోషం లేదు. సాయంత్రానికల్లా ఆ రకం విమానాలన్నీ ఆపించారు.

మార్చి 16
తమ్ముడు ఫోన్ చేశాడు. పద్నాలుగేళ్ళలో ఒక్క విమానమూ పడలేదట. నా లెక్కల పిచ్చికి వాడి నోటికాడ కూడు తీశానట.

మార్చి 24
వాడు ఫోన్ ఎత్తడం లేదు.

ఏప్రిల్ 6
అసలు రివెట్లతో మళ్ళీ టెస్ట్. రమ్మని మెసేజ్ పెడితే తమ్ముడు వచ్చాడు. ఎడమ సీటు డమ్మీతో సహా ఊడి ముందు ప్యానెల్‌కి గుద్దుకుంది. కుడి సీటు కదల్లేదు.
వాడు ఊడిన సీటు దగ్గరికి నడిచాడు.
"నేను కుడివైపు కూర్చుంటానక్కా," అన్నాడు. "ఎడమవైపు నేర్చుకునేవాళ్ళు."