ఆరుద్ర కార్తెలో గొడుగు

కొత్తగట్టుపాలెం, గురజాల దగ్గర
జూన్ 1987, ఆరుద్ర కార్తె

మహారాజశ్రీ గొడుగుల జాన్ సాహెబు గారికి గోపాలకృష్ణయ్య నమస్కరించి వ్రాయునది. ఇక్కడ ఎండ క్షేమం. నరసరావుపేటలో కూడా ఎండ క్షేమమేనని తలుస్తాను.

ఏటా మృగశిరలో మీరు మా ఊరు వచ్చి రామాలయం అరుగు మీద గొడుగులు బాగుచేసేవారు. ఈ ఏడు రాలేదు. వాన రాలేదు గనుక మీరూ రాలేదనుకున్నాను.

నాకొక గొడుగు కావలెను. కొత్తది. ఇద్దరు పట్టేంత పెద్దది. మీరు తీసుకురావద్దు. మాచర్ల బస్సు కండక్టరుకు ఇచ్చి పంపండి. కాగితం చుట్టి పంపండి. గురజాలలోనే కొనవచ్చును గాని అక్కడ మా ఊరివాళ్లు తిరుగుతుంటారు.

వ్రాయటానికి ఇంకేమీ లేదు.

ఇట్లు,
గోపాలకృష్ణయ్య

తా.క. ఎందుకని అడగవద్దు.


నరసరావుపేట, బస్టాండు ఎదురు సందు

బాబాయి గారికి మీ జాన్ సాహెబు సలాములు. నేను, మా ఆవిడ హసీనా, మా ఇంటి పైకప్పు రేకులు, అందరం ఒకే వేడిలో ఉన్నాము.

మీ కార్డు చూసి ముందు నమ్మలేదు. రెండు నెలలుగా నా కొట్లో గొడుగు అన్న మాట వినబడలేదు. పొట్ట కోసం తాళాలు, టార్చిలైట్లు బాగుచేసుకుంటున్నాను. వాన లేని ఏడు గొడుగులవాడు ఊళ్లు తిరిగితే కుక్కలు కూడా మొరగవు, జాలిపడి ఊరుకుంటాయి. అందుకే రాలేదు.

పేపరులో చూశాను. ఇది మన పల్నాటి ఎండ ఒక్కటే కాదట. రాయలసీమ, తెలంగాణ, ఉత్తరాదిన కూడా ఇంతేనట. ఇంత పెద్ద దేశం మీద తిరగవలసిన మబ్బులన్నీ ఎటు పోయాయో ఎవరికీ అంతు చిక్కటం లేదట. మా వాళ్లు ఈద్గా మైదానంలో వాన నమాజు చేశారు. వచ్చేటప్పుడు అందరి కాళ్లూ బొబ్బలెక్కాయి.

గొడుగు పంపుతున్నాను. కాగితం కూడా చుట్టాను. కానీ బాబాయ్, ఎంత చుట్టినా గొడుగు గొడుగులాగే ఉంటుంది. అడగవద్దన్నారు గనుక అడగను. మీవైపు మబ్బేమైనా కనబడుతున్నదా? ఇది అడగటం కిందికి రాదు.

మీ విధేయుడు,
జాన్ సాహెబు

తా.క. ఇద్దరు పట్టే గొడుగు కొత్తగా పెళ్లయినవాళ్లు అడుగుతారని హసీనా అంటున్నది. పెద్దవారిని అట్లా అనవచ్చునా అని కోప్పడ్డాను.


కొత్తగట్టుపాలెం

జాన్ సాహెబు గారికి గోపాలకృష్ణయ్య నమస్కారం.

గొడుగు చేరింది. కండక్టరు బస్సు టాపు మీద నుంచి అందరూ వినేటట్టు "గొడుగు ఎవరిదయ్యా గొడుగు!" అని అరిచాడు. నలుగురు చూస్తుండగా తీసుకున్నాను. చెప్పుల వంక చూసుకుంటూ ఇంటికి వచ్చాను. గొడుగును అటక మీద పెట్టాను. ఇంకా విప్పలేదు.

అప్పటినుంచి ఊరి వరస నాకు తెలియటం లేదు. పొద్దున్నే మనుషులు వచ్చి నా అరుగు మీద కూర్చుంటారు. నా మొహం చూస్తారు. నేను మాట్లాడను. వాళ్లూ మాట్లాడరు. తృప్తిగా తల ఊపి వెళ్లిపోతారు.

మా పక్క చేను అంకారావు నిన్న అడిగాడు: "ఏంది బాబాయ్, ఎప్పుడంటావ్?"

ఏది ఎప్పుడో నాకు తెలియలేదు. ఏమీ అనకపోతే బాగుండదని "చూద్దాం" అన్నాను.

అతను "అంతే బాబాయ్, ఆ మాట చాలు" అని అరక కట్టుకుని వెళ్లి దుక్కి మళ్లీ దున్నాడు. దుమ్ము మా వంటింట్లో పడింది. ఇంత ఎండలో ఎందుకు దున్నుతున్నాడు? వాన కోసం ఊళ్లో కప్పతల్లి ఆడారు, విరాటపర్వం చదివించారు. అప్పుడు కూడా ఎవరూ అరక కట్టలేదు.

మీరు నలుగురితో తిరిగేవారు. మీకేమైనా తెలిస్తే వ్రాయవలెను.

గోపాలకృష్ణయ్య

తా.క. ఒక ముసలమ్మ వచ్చి గొడుగు చూపించమన్నది. అటక వైపు చూపించాను. దండం పెట్టింది.


నరసరావుపేట

బాబాయి గారి పాదాలకు జాన్ సాహెబు వేల సలాములు.

దాచారు బాబాయ్! ఇంత సంగతి నా దగ్గర దాచారు!

నిన్న మధ్యాహ్నం మీ ఊరివాళ్లు బస్సు దిగారు. ఒక్కొక్కరి చంకలో ఒక పాత గొడుగు. ఊచలు విరిగినవి, ఎలుకలు కొట్టినవి, ఒకటైతే కోళ్లను కప్పెట్టిన గొడుగు. ఇంత ఎండలో ఎందుకయ్యా అంటే అంకారావు చెప్పాడు.

"మా గోపాలకిష్టయ్య బాబాయి జన్మలో గొడుగు కొన్న మడిసి కాదు. ఎంత ముసురైనా గోనెపట్టా కప్పుకుపోయేవోడు. అట్టాంటోడు కరువులో కొత్త గొడుగు తెప్పిచ్చాడంటే ఊరికేనా? అడిగితే చెప్పడు. తెలిసినోడు చెప్తాడా?"

అది విని నాకు ఒళ్లు పులకరించింది. వెంటనే గొడుగు గుడ్డ, ఊచలు గుంటూరు నుంచి తెప్పించాను. ఎదురు విత్తనాల షాపు నాగభూషణరావు గారు "ఏం జాన్, మతి పోయిందా?" అన్నారు. మీ పేరు చెప్పాను. ఆయన లోపలికి వెళ్లి, వెనక గదిలో ఉన్న విత్తనాల బస్తాలన్నీ ముందుకు వేయించారు. ఇప్పుడు పేటంతా వాన వస్తుందనే అంటున్నది.

ఏ రోజో నా ఒక్కడికి చెప్పండి. ఎవరికీ చెప్పను.

మీ శిష్యుడు,
జాన్ సాహెబు

తా.క. హసీనా మిద్దె మీద ఎండబెట్టిన వడియాలు తీసేసింది. సగం పచ్చిగానే ఉన్నాయి. మీ మాట మీద గౌరవం.


కొత్తగట్టుపాలెం

జాన్ సాహెబు గారికి నమస్కారం.

మీ ఉత్తరం ఇంకా అందలేదు. అయినా వ్రాస్తున్నాను. ఒక మంచి మాట విన్నాను.

అంకారావు పేట నుంచి విత్తనాలు కొనుక్కుని వచ్చాడు. "బాబాయ్, నువ్వే కాదు, పేటలో కూడా అందరూ వానొస్తదనే అంటున్నారు. ఇత్తనాల షాపాయన బస్తాలు ముందుకేశాడు" అన్నాడు.

పేటవాళ్లు చదువుకున్నవారు. రేడియో వింటారు. వాళ్లు అంటే ఏదో ఆధారం ఉంటుంది. నాకు చానా ధైర్యం వచ్చింది. నేను కూడా కుండలో దాచిన కంది విత్తనం దింపి చెరిగిపెట్టాను. వచ్చే ఆదివారం మంచిరోజని ఊరంతా విత్తనం వేయటానికి గొర్లు కడుతున్నది. పొడి దుక్కిలో వేస్తే మొదటి వానకే మొలక వస్తుంది. వాన రాకపోతే విత్తనం సగం చీమలకు, సగం మాడిపోవటానికి. మళ్లీ వేయటానికి ఊళ్లో గింజ ఉండదు. ఈ ఏడు తిండి ఆ కుండల్లోనే ఉన్నది.

పేటవాళ్లకు వాన సంగతి ఎట్లా తెలిసిందో కనుక్కుని వ్రాయవలెను. వినాలని ఉన్నది.

గోపాలకృష్ణయ్య

తా.క. ఇది పోస్టులో వేసి వస్తుంటే మీ ఉత్తరం చేతికి వచ్చింది. మళ్లీ కార్డు అడిగి తీసుకుని ఈ ముక్క కలుపుతున్నాను. ఇంటికి పోగానే చెరిగిన కంది మళ్లీ కుండలో పోస్తాను.


నరసరావుపేట
కండక్టరు చేతికి ఇచ్చి పంపుతున్నాను

బాబాయ్!

సలాము తర్వాత పెడతాను. పేటవాళ్ల ఆధారం ఏమిటని అడిగారు. ఆధారం మీరే! మిమ్మల్ని చూసి నేను, నన్ను చూసి నాగభూషణరావు, ఆయన్ని చూసి పేట, పేటను చూసి మీరు! గానుగెద్దులం అయిపోయాము. ఎవరి వెనక ఎవరు తిరుగుతున్నామో మనకే తెలియదు.

రేడియో విన్నాను. వాన మాటే లేదు. ఇంకా ఎండలే అన్నది.

ఆదివారం గొర్లు ఆపించండి. నా గొడుగులు మిగిలితే మిగలనీ, గొడుగు మొలకెత్తకపోయినా మాడిపోదు. విత్తనం అట్లా కాదు. నాగభూషణరావు దగ్గర బస్తాలు అయిపోవచ్చాయి. ఇంకోసారి కొందామన్నా దొరకవు.

ఇప్పుడు అడగక తప్పదు. అసలు ఆ గొడుగు ఎందుకు కొన్నారు?

జాన్ సాహెబు

తా.క. వడియాలు మళ్లీ మిద్దె ఎక్కాయి. హసీనా నాతో మాట్లాడటం లేదు.


కొత్తగట్టుపాలెం
శనివారం

జాన్ సాహెబు గారికి గోపాలకృష్ణయ్య సిగ్గుపడుతూ వ్రాయునది.

ఊరి బావి ఎండింది. నీళ్లు అంకారావు చేలో ఉన్న బోరు దగ్గర నుంచి తేవాలి. కరెంటు మిట్టమధ్యాహ్నమే ఇస్తున్నారు. కరెంటు వచ్చినప్పుడే నీళ్లు. మా ఇంటిది కోటమ్మ ఆ ఎండన పడి తెస్తుంది. ఒకరోజు దారిలో కళ్లు తిరిగి కూలబడిందట. బిందె కింద పడింది. ఇంటికి వచ్చి బిందె సొట్టపడిందని ఏడ్చింది గాని తన సంగతి చెప్పలేదు.

ఆమెకు గొడుగు పడదామని కొన్నాను. అంతే.

బజారులో నేను ముందు నడుస్తాను, ఆమె వెనక వస్తుంది. పెళ్లయిన నాటి నుంచీ అంతే. గొడుగు పట్టాలంటే పక్కన నడవాలి. ఆ సంగతి గొడుగు వచ్చిన తర్వాత గాని తట్టలేదు. పెళ్లానికి గొడుగు పట్టాడంటే ఊళ్లో నవ్వుతారు. అందుకని అటక మీద పెట్టాను. ఆమెకు కూడా చెప్పలేదు. ఆమె కూడా వానకేననుకున్నది.

తెల్లవారితే గొర్లు కడతారు. చెబితే నా పరువు పోతుంది. చెప్పకపోతే ఊరి గింజ పోతుంది. పొద్దున వెళ్లి చెబుతాను. ఇంతమందిలో నేను ఎప్పుడూ మాట్లాడలేదు.

గోపాలకృష్ణయ్య

తా.క. ఈ ఉత్తరం చదివి చించండి. హసీనమ్మకు చెప్పవద్దు. చెప్పినా పర్వాలేదు.


నరసరావుపేట

బాబాయి గారికి జాన్ సాహెబు సలాములు, హసీనా సలాములు కూడా. ఉత్తరం నాకంటే ముందు తనే చదివింది. "నేను ముందే చెప్పలా?" అని మాట్లాడటం మొదలుపెట్టి ఇంతవరకు ఆపలేదు.

కానీ బాబాయ్, ఒక సంగతి. నిన్నటినుంచి మీ ఊరివాళ్లు మళ్లీ వస్తున్నారు. ఈసారి బాగుచేయటానికి కాదు, కొత్తవి కొనటానికి! నల్లవే కావాలి, గట్టి పిడి ఉండాలి అంటున్నారు. అంకారావు మొహం మాడ్చుకుని వచ్చి ఒకటి తీసుకుపోయాడు. ఎందుకయ్యా అంటే "ఏందయ్యా నీ ఆరా, ఇయ్యి" అన్నాడు. అంటే మీరు చెప్పలేదా? చెప్పినా నమ్మలేదా? గింజలు భూమిలో వేసేశారా?

నాకు అమ్మకం జరుగుతుంటే ఏడుపు రావటం ఇదే మొదలు. వెంటనే వ్రాయండి.

జాన్ సాహెబు

తా.క. ఒక్కరూ బేరం ఆడలేదు. అదే నాకు ఎక్కువ భయంగా ఉన్నది.


కొత్తగట్టుపాలెం
పునర్వసు కార్తె

జాన్ సాహెబు గారికి, హసీనమ్మకు గోపాలకృష్ణయ్య నమస్కారం. గింజలు కుండల్లోనే ఉన్నవి. భయపడవద్దు.

ఆదివారం పొద్దున్నే చేల దగ్గరకు వెళ్లి ఉన్నమాట చెప్పాను. నా గొంతు నాకే వినబడలేదు. అంకారావు నవ్వాడు. "ఈ వయసులో ఈ కతలేంది బాబాయ్? వాన ఏ రోజో చెప్పటం ఇష్టం లేకపోతే మానుకో. కోటమ్మ పిన్ని మీద పెట్టమాక" అన్నాడు. ఒక్కరూ నమ్మలేదు. గొర్లు కట్టారు. మంచిగడియ మధ్యాహ్నానికి ఉన్నదని ఆగారు.

ఇక మాటలు నావల్ల కాలేదు. ఇంటికి వచ్చాను. మధ్యాహ్నం కరెంటు వచ్చింది. కోటమ్మ బిందె ఎత్తుకున్నది. నేను అటక మీది గొడుగు దించి విప్పి ఆమె పక్కన నిలబడ్డాను.

"ఏందయ్యా ఇది? ఎండ గాని కొట్టిందా నీకు?" అన్నది.

"నడువు" అన్నాను.

"నలుగురూ చూస్తన్నారు."

"అందుకే నడువు."

నడిచాము. గొర్ల పక్కనుంచే దారి. అందరూ చూశారు. ఎడ్లు కూడా తలలు తిప్పాయి. ఆ తర్వాత ఎవరో ఒకరు నవ్వారు. ఇక చేలన్నీ నవ్వాయి. అంకారావు దుక్కిలో కూలబడి నవ్వాడు. నవ్వి నవ్వి లేచి, ఆకాశం వంక చూసి, "ఒరేయ్, గొర్లిప్పండ్రా. ఇది వాన గొడుగు కాదు" అన్నాడు. గింజ ఇళ్లకు పోయింది. నా పరువు దాని వెంటే పోయింది.

బోరు దగ్గర ఆడవాళ్లంతా ఉన్నారు. వాళ్లు మాత్రం నవ్వలేదు. గొడుగు వంక చూశారు, తరువాత చేలల్లో ఉన్న వాళ్ల మొగుళ్ల వంక చూశారు.

తిరిగి వచ్చేటప్పుడు కోటమ్మ ఆగింది. "నీకు గొడుగు పట్టటం రావట్లా. ఎండంతా నా మొహం మీదే పడతంది. ఇటియ్యి" అన్నది. ఇచ్చాను. చేయి ఖాళీ అయింది గదా అని నిండు బిందె నా భుజం మీద పెట్టింది. అప్పటినుంచీ గొడుగు ఆమెది, బిందె నాది. ఆమె ముందు నడుస్తున్నది.

ఆ రాత్రి అంకారావు ఇంట్లో పొయ్యి వెలగలేదు. మర్నాడు పొద్దున్నే అతను పేట బస్సు ఎక్కాడు. తరువాత తక్కినవాళ్లు. మీ దగ్గర కొన్నవి అవే. ఆ గొడుగుల కింద ఇప్పుడు ఆడవాళ్లు నడుస్తున్నారు. బిందెలతో మేము వెనక నడుస్తున్నాము. మగవాళ్లెవరూ నాతో మాట్లాడటం లేదు. నాకు అది సుఖంగానే ఉన్నది.

వాన ఇంకా రాలేదు. మబ్బులెటు పోయాయో తెలిస్తే వ్రాయండి.

ఇట్లు,
భుజం నొప్పితో,
గోపాలకృష్ణయ్య

తా.క. నిన్న సాయంత్రం పడమటి దిక్కున కొంచెం నల్లగా కనబడింది. మగవాళ్లమంతా బిందెలు దించి, చేతులెత్తి మొక్కాము. ఆడవాళ్లు చూసి, తొందరేం లేదన్నారు.