కాజాలు లేని చొక్కా

చిరంజీవి కేకులమ్మకు అమ్మ దీవెనలు.

మేమంతా క్షేమం, నువ్వూ క్షేమమని తలుస్తాను అని మొదలుపెట్టడం మనింటి అలవాటు. ఈసారి ఆ మాట చివరికి దాచి ఉంచాను. మీ నాన్నకు మాత్రం ఏ ఢోకా లేదు. కొత్త కళ్లజోడు పెట్టుకుని పేపర్లో అచ్చుతప్పులు ఏరుతున్నారు.

మంగళ, శుక్రవారాలు పొద్దున కుట్టు దుకాణం మూసి ఎక్కడికి పోతున్నానని అడిగావు. ఆ కబురు నీకు మోసింది మీ పిన్నేనని నాకు తెలుసు. వ్యాయామానికి పోతున్నానే. నవ్వకు. లైబ్రరీ వెనక హాల్లో కీళ్లవాతం ఉన్నవాళ్లం పన్నెండు మందిమి కలుస్తాం. అవును, నాకూ అదే. ముసలితనం నొప్పులు కావు, కీళ్లను లోపల్నుంచి తినే జబ్బు.

మా చేత వ్యాయామం చేయించేది ఒక రిటైరైన బస్సు డ్రైవరుగారు. ఆయన వెన్ను బిగుసుకుపోయింది, మెడ తిరగదు. ఆలస్యంగా ఎవరొచ్చారో చూడాలంటే ఇరుకు సందులో బస్సును తిప్పినట్టు మనిషంతా తిరుగుతారు. నెలకోసారి ఫిజియోథెరపీ అమ్మాయి వచ్చి నేర్పిపోతుంది, మిగతా రోజులన్నీ ఈయనవే. గోడ మీద వేళ్లను మెట్లెక్కిస్తాం, తడి తువ్వాలు పిండుతాం. నొప్పి ఎక్కువున్న రోజు కుర్చీలో కూర్చుని కాలివేళ్లు కదిపినా హాజరు వేస్తారు. అంత ఓపిక గల మనిషిని నేను చూడలేదు.

అక్కడ ఒక నియమం ఉంది. అడిగేదాకా ఎవరూ సాయం చెయ్యకూడదు. అడిగాక ఎందుకని ఎవరూ అడగకూడదు.

ఈ నియమంతోనే మొన్న మా పరువు పోయింది. హాలు కాపలాదారు సెలవు పెట్టి తాళంచెవి డ్రైవరుగారికి ఇచ్చి వెళ్లాడు. కొత్త తాళం, మహా బిగువు. ఒకరి తరవాత ఒకరు తిప్పబోయారు. తిప్పేవాళ్లు అడగరు, అడగలేదని మిగతావాళ్లం మర్యాదగా గోడవైపు చూస్తూ నిలబడ్డాం. ఇరవై నిమిషాలు అలాగే గడిచాయి. ఇరవై నాలుగు చేతులుండి ఒక్క తాళం తియ్యలేకపోయాం. చివరికి మా అందరిలోకీ చిన్నది, బ్యాంకులో పనిచేసే ఇరవై నాలుగేళ్ల పిల్ల, నోరు విప్పింది.

"నాకు చేతకావట్లేదండీ. ఎవరైనా ఒక చెయ్యి వెయ్యండి."

నా సంచిలో కుట్టుమిషను స్క్రూడ్రైవరు ఉంటుంది కదా, తాళంచెవి తలకున్న కంతలో దాన్ని అడ్డంగా దూర్చి ముగ్గురం కలిసి తిప్పాం. తాళం ఊడింది. లోపలికెళ్లి వ్యాయామం మొదలుపెట్టడానికి ఇంకో పది నిమిషాలు పట్టింది, నవ్వు ఆగక.

ఇక రెండో ప్రశ్న. నీ పుట్టినరోజుకి పంపిన చొక్కాకు కాజాలు లేవేం, అన్నీ ప్రెస్ బటన్లేనేం అని. పోయిన ఉత్తరంలో ఇప్పుడదే ఫ్యాషనని రాశాను. అబద్ధం. కాజా కుట్టాలంటే సన్నసూదిని రెండు వేళ్ల మధ్య బిగించి పట్టాలి. నా చూపుడువేలూ మధ్యవేలూ పక్కకు ఒరిగిపోయాయి. మందులు మొదలుపెట్టాక నొప్పి తగ్గింది కానీ ఒరిగినవి ఇక నిలబడవు. మొదట్లో రెండేళ్లపాటు డాక్టరు దగ్గరకు పోకుండా దొంగకు తేలు కుట్టినట్టు నోరు మూసుకుని ఊరుకున్నందుకు అది శిక్ష. ఆ బ్యాంకు పిల్ల నొప్పి మొదలైన మూడో నెల్లోనే డాక్టరు దగ్గరకు పోయింది. దాని వేళ్లు తిన్నగా ఉన్నాయి. చూసినప్పుడల్లా ముచ్చటేస్తుంది, కాస్త కుళ్లుకుంటాను కూడా.

ఇప్పుడు అసలు మాట. మూడేళ్ల కిందట జబ్బు పేరు చెప్పిన రోజే డాక్టరమ్మ అంది, "ఇది కొన్ని కుటుంబాల్లో కనిపిస్తుంటుంది. మీ అమ్మాయికి చెప్పి ఉంచండి." నేను చెప్పలేదు. నీకు రావాలని లేదు కదా, ఊరికే భయపెట్టడమెందుకని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. నిజానికి సిగ్గుపడ్డాను. కుట్టుపని చేసే అమ్మ సూది పట్టలేకపోతోందని నీకు తెలియడం నాకిష్టం లేకపోయింది.

నీ ఉత్తరం అంచున ఇరికించి ఒక మాట రాశావు, గుర్తుందా. "చలికేమో, నెల్లాళ్లుగా పొద్దున్నే వేళ్లు ముడుచుకోవట్లేదు, గంట దాటితే గానీ కేకుల మీద క్రీం సంచి పిండలేకపోతున్నా." ఆ ఒక్క వాక్యం పదిసార్లు చదివాను తల్లీ. నాకూ అలాగే మొదలైంది. నేనూ చలికే అనుకున్నాను.

అది కాకపోవచ్చు. కాకూడదని కోరుకుంటున్నాను. కానీ ఈ వారంలోనే కీళ్ల డాక్టరుకు చూపించుకుని, మా అమ్మకుందని చెప్పు. ఒకవేళ అదే అయితే, మీ ఊళ్లోనూ ఏదో ఒక హాల్లో మాలాంటివాళ్లు ఉండే ఉంటారు, వెతుక్కో.

నువ్వు అడగకుండానే చెయ్యి వేశాను. మా నియమం తప్పాను. డ్రైవరుగారికి చెబితే మనిషంతా తిరిగి నన్నొకసారి చూసి, హాజరు వేశారు.

ఇక్కడ మేమంతా క్షేమం. నువ్వు క్షేమమని మాత్రం ఈసారి తలచను. డాక్టరు చూశాక నువ్వే రాయి.

ఇట్లు,
ఆలస్యంగానైనా నిజం రాసిన
మీ అమ్మ