చేతికిచ్చే లాభం

సిరిసిల్ల,
అక్టోబరు, 2011

తమ్ముడు ప్రేమ్‌కుమార్‌కు,

నిన్న సాయంత్రం మన నూలు కంపెనీ ఈ ఏడు లాభం పంచకుండా, ఆ సొమ్ముతో సభ్యుల వాటాలు తిరిగి కొనాలని తీర్మానించింది. బస్సుల సమ్మె వల్ల సభకు సగం మందే వచ్చారు.

ధర బాగానే ఉంది. నీ వాటా అమ్మితే నాలుగేళ్ల లాభమంత సొమ్ము ఒక్కసారే వస్తుంది. ఉంచుకుంటే, వాటాలు తగ్గుతాయి కాబట్టి వచ్చే ఏడు నుంచి నీకు పంచే లాభం పెరుగుతుంది. రెండూ నిజమే.

కంపెనీలో లెక్కలు చూసే స్వర్ణలత నవ్వింది. "అక్కా, మీ తమ్మునికి మంచిగైంది. అమ్మితె పైసలు బ్యాంకులనే పడ్తయ్. భివండి నుంచి గింత దూరం అచ్చుడు తప్పింది."

"ఔ, తప్పింది" అన్నాను.

లాభం సభ్యుడి చేతికే ఇచ్చే పద్ధతి కాబట్టి ఏటా వచ్చి రెండు రోజులు ఉండేవాడివి. మీ బావ పోయాక ఈ ఇంట్లో ఇద్దరికి వండింది ఆ రెండు రోజులే.

అమ్మొద్దని నేను అనను. అమ్మేవాళ్లు సంతకం చేసి పోస్టులో పంపితే చాలట. అమ్మనివాళ్లు మాత్రం వచ్చి సభలో చెప్పాలి. ఆర్టీసీ బస్సులు లేవు. రైలు దిగాక కామారెడ్డి నుంచి జీపులు నడుస్తున్నాయి. ఇందుకోసం మళ్లీ పెట్టే సభ వచ్చే సోమవారం, పొద్దున పది గంటలకు.

నీ అక్క